ఎవరు కడిగిన చేతులు

ఆ గురువారం సాయంత్రం తహామీ చేతులు కడుక్కుని ఇంటికొచ్చాడు. అంతే, యామ్నా కొంప మునిగింది.

చేతులు కడుక్కోవడం కూడా ఒక నేరమేనా అని మీరనొచ్చు. మీకేం, ఎన్నయినా అంటారు. ఫెజ్ ఊళ్ళో తోళ్ళకి పసుపు రంగు పట్టించేవాడి పెళ్ళాన్ని అడగండి, చెప్తుంది. ఎరుపు వాళ్ళూ నీలం వాళ్ళూ రంగు గుంతలోకి దిగి కాళ్ళతో తొక్కుతారు. పసుపు మటుకు గుంతలో పొయ్యరు, దండగ. దానిమ్మ తొక్కల రంగు పిసరు పిసరు తీసుకుని, నూనె కలిపి, పరిచిన తోలు మీద అరచేత్తో పామాలి. పామీ పామీ తోలుకి ఎంత రంగు పడుతుందో మనిషికీ అంతే పడుతుంది. తహామీ చేతులు మోచేతుల దాకా పసుపే. గోళ్ళ సందుల్లో పసుపు, గీతల్లో పసుపు. రొట్టె తుంచితే రొట్టెకి కూడా అంటుతుందేమో అనిపిస్తుంది.

ఆ చేతుల్తో శుక్రవారం నమాజుకెళ్ళి నలుగురి పక్కన నిలబడాలన్నా, అందరూ ఒకే పళ్ళెంలో చెయ్యి పెట్టే కుస్కుస్ దగ్గర కూచోవాలన్నా బాగోదు కదా. అందుకని ప్రతి గురువారం సాయంత్రం యామ్నా ఆయన్ని వసారాలో పీట మీద కూచోబెట్టేది. నల్లటి ఆలివ్ సబ్బు మెత్తగా పట్టించేది. కాసేపు నాననిచ్చి, నిమ్మచెక్కలు ఉప్పులో అద్ది, తవుడు చల్లి, గరుకు గుడ్డ చేతికి తొడుక్కుని ఒక్కో వేలూ తోమేది. అలా ఇలా కాదు, ఇత్తడి బిందె తోమినట్టు తోమేది. పసుపు వదిలి, అడుగునుంచి మనిషి రంగు బయటికొస్తుంటే ఆవిడకి ఎంత సంబరమో!

సంబరం రంగు వదిలినందుకు మాత్రమే కాదు. తహామీ మాటల మనిషి కాడు. వారమంతా "ఊఁ", "ఊహూఁ", "పెట్టు", "చాలు". అలాంటివాడు గురువారం సాయంత్రం పీట మీద కూచుంటే నోరు విప్పేవాడు. ఏ గాడిద గుంతల మధ్య మొండికేసిందో, ఏ కొత్త కుర్రాడు జారి ఎరుపులో పడి లేచాడో, చిన్నప్పుడు వాళ్ళ నానమ్మ కోడిపుంజుతో ఎలా పోట్లాడేదో, ఆపకుండా చెప్పేవాడు. యామ్నా పడీ పడీ నవ్వేది. మిగతా రోజులు దేవుడివీ, తోళ్ళవీ, పిల్లలవీ. గురువారం సాయంత్రం మటుకు ఆవిడ సొంతం.

ఆ గురువారం తహామీ వచ్చి, చేతులు చూపించి, "ఇవాళ నీకు శ్రమ లేదులే. అక్కడే కడుక్కున్నా" అన్నాడు. పుదీనా టీ తాగాడు. గోడకి ఆనుకున్నాడు. ఊఁ, ఊహూఁ.

మళ్ళీ గురువారం కూడా అదే మాట. ఆ పై గురువారం కూడా అదే. అప్పుడు యామ్నా ఆయన చేతులు రెండూ పట్టుకుని వెలుతుర్లోకి లాగి చూసింది. రెండూ ఒకేలా ఉన్నాయి! మీరు చెప్పండి, ఎవడి చేతులు వాడు కడుక్కుంటే కుడిచెయ్యి ఎడమదాన్ని బాగానే తోముతుంది. మరి ఎడమచెయ్యి కుడిదాన్ని అంత శుభ్రంగా తోముతుందా? బొటనవేలి వెనకాల కూడా మచ్చ లేదు. పైగా వాసన. నారింజపూల వాసన! తోళ్ళ గుంతల్లో పావురాల రెట్టా, సున్నం, చచ్చిన గొర్రె వాసన తప్ప నారింజపూలు ఎక్కణ్ణుంచి వస్తాయండీ?

ఎవరో కడుగుతున్నారు. తీరిగ్గా, వేలు వేలూ పట్టుకుని కడుగుతున్నారు. ఆ కడిగేదాని ఎదురుగా కూచుని ఈయన గాడిద కబుర్లూ నానమ్మ కబుర్లూ చెప్తున్నాడు. అది పడీ పడీ నవ్వుతోంది. ఈ ఆలోచన రాగానే యామ్నా కడుపులో నిప్పులు పోసినట్టయింది. ఆయన ఇంకో ఇల్లు పెట్టాడన్నా ఇంత మండేది కాదేమో. చేతులు ఇంకొకత్తెకి అప్పగించాడే, అదీ మంట.

మర్నాడు ఆయన పొడుగు అంగీ, జెల్లాబా, ఉతకడానికి తీస్తే, వెనకాల వేలాడే తలముసుగులో ఏదో బరువుగా తగిలింది. చిన్న మట్టి పిడత. మూత తీస్తే నల్లటి మెత్తటి సబ్బు, గుప్పుమని నారింజపూల వాసన. యామ్నా పిడతని ఎక్కడిది అక్కడే పెట్టి, దుప్పటి కప్పుకుని బయల్దేరింది.

ఎక్కడికంటారా? బతూల్ దగ్గరికి. తోళ్ళ గుంతల గుమ్మం పక్కనే సబ్బుల కొట్టు పెట్టుకున్న ముండమోపి బతూల్. నవ్వితే బుగ్గలు సొట్టలు పడతాయి, అది చాలదూ?

"రావే యామ్నా రా! నల్లపూసవైపోయావే!" అంది బతూల్. "సబ్బుకి రావట్లేదు, నిమ్మకాయలూ కొనట్లేదని పక్క కొట్టువాడు కూడా ఏడుస్తున్నాడు. మీ ఆయన పని మానేశాడా, నువ్వు మీ ఆయన్ని మానేశావా?"

"నీ దగ్గర నారింజపూల సబ్బు ఉంటుందా?"

"ఉండకేం? పెళ్ళికూతుళ్ళు కొనుక్కుంటారు. నీకెందుకే ఇప్పుడు, మళ్ళీ పెళ్ళా?"

"నాక్కాదు. చుట్టుపక్కల ఎవరికో కుదిరేట్టుందిలే" అంది యామ్నా పళ్ళు నూరుకుంటూ. బతూల్‌కి ఏమీ అర్థం కాలేదు. అర్థం కానట్టు నటిస్తోందని యామ్నాకి అర్థమైంది.

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. యామ్నా ఎవరి కూతురనుకున్నారు? నలుపు రంగు వేసేవాడి కూతురు. తోలు నల్లబడాలంటే ఏం చేస్తారో ఆవిడకి పాలతో పాటు పట్టారు. దానిమ్మ రంగు పట్టిన తోలుకి ఇనుపనీళ్ళు తగిలిస్తే చాలు, చూస్తుండగానే పసుపు కాస్తా కాటిక నలుపైపోతుంది. తోలు సంగతి సరే, మనిషి చర్మం మాత్రం తోలు కాదూ?

తుప్పు పట్టిన మేకులు వెనిగర్లో వేసి మిద్దె మీద ఎండలో పెట్టింది. నీళ్ళు మురికిరంగుకి తిరిగాక వడకట్టి, బుధవారం పొద్దున ఆయన నిద్ర లేవకముందే పిడతలో పోసి వేలితో కలిపేసింది. నల్ల సబ్బు కదా, కలిపినట్టు ఎవడికి తెలుస్తుంది? ఆ సబ్బుతో దానిమ్మ చేతులు తోమిన ప్రతి చెయ్యీ నల్లబడుతుంది. ఆయనవీ నల్లబడతాయి, కడిగినదానివీ నల్లబడతాయి. పట్టపగలు ఊళ్ళో నల్లచేతులు వేసుకుని తిరిగేదెవరో అప్పుడు చూద్దాం!

ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, ఆయన పని చేసేది పసుపు తోళ్ళ మీదన్న సంగతి గుర్తొచ్చింది. కానీ గురువారం రంగు పని మధ్యాహ్నానికే అయిపోతుంది, కడుక్కునేది ఆ తర్వాతే కదా అని సరిపెట్టుకుంది. కడుపు మండేవాళ్ళకి లెక్కలన్నీ సరిపోతాయి.

గురువారం మధ్యాహ్నం దాటాక మళ్ళీ బతూల్ కొట్టుకెళ్ళింది. మబ్బు పట్టి చల్లగాలి కొడుతోంది. బతూల్ కొట్టు ముందు కాళ్ళు చాపుకుని కూచుంది. రెండు చేతులకీ మణికట్టు దాకా గుడ్డలు చుట్టుకుంది!

యామ్నా గబగబా దగ్గరికెళ్ళింది.

"ఏమయిందే చేతులకి?"

"ఏం లేదులే. ముట్టుకోకు."

"ముట్టుకోకూడదా? ఎందుకు ముట్టుకోకూడదో నాకు తెలీదనుకున్నావా? చూపించు!"

"పిచ్చా నీకు? చెప్తే వినిపించట్లా?"

యామ్నా వినే స్థితిలో ఉంటేగా! మీద పడి గుడ్డ పట్టుకుని లాగింది. లాగినంత బలంగా ఊడొచ్చింది. లోపల గోరింటాకు. పచ్చిగా, తడిగా, అప్పుడే పట్టించిన గోరింటాకు, పువ్వులూ తీగలూ అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి అరచేతి నిండా పేడలా పరుచుకున్నాయి.

"ఓసి దిక్కుమాలినదానా!" అని బతూల్ పెట్టిన కేక గుంతల అవతలి గట్టు దాకా వినిపించింది. "రేపు మా మేనకోడలి పెళ్ళే! ఇందాకట్నించీ చేతులు కదపకుండా కూచున్నానే! నీ చేతులు పడిపోనూ!"

అంతలో వాన మొదలైంది. పెద్ద పెద్ద చినుకులు. తోళ్ళ గుంతల్లోంచి "తోళ్ళు! తోళ్ళు తియ్యండర్రా!" అని అరుపులు, పరుగులు. యామ్నా తల మీదికి దుప్పటి లాక్కుని, వెనక్కి చూడకుండా ఇంటికి నడిచింది. సిగ్గేసింది. కానీ సిగ్గు కంటే మంటే ఎక్కువగా ఉంది. బతూల్ కాకపోతే మరెవరు?

పొద్దు వాలుతుండగా తలుపు తట్టిన చప్పుడైంది. తహామీ వచ్చాడు, వెనకాలే హమ్మాదీ వచ్చాడు. హమ్మాదీ అంటే తహామీతో పాటు పసుపు పామే ముసలాయన. తెల్లగడ్డం. పెళ్ళాం పోయి చాలాకాలమైంది. ఇద్దరూ వానకి తడిసి ముద్దయ్యారు. ఇద్దరి చేతులూ జెల్లాబా చేతుల్లోపల దాక్కున్నాయి.

"ఏమయ్యా, ఏమైంది?" అంది యామ్నా.

తహామీ చేతులు బయటికి తీశాడు. మణికట్టు దాకా నలుపు. హమ్మాదీ కూడా తీశాడు. ఆయనవీ నలుపే.

యామ్నా చూపు ఈ చేతుల మీంచి ఆ చేతుల మీదికీ, ఆ చేతుల మీంచి ఈ చేతుల మీదికీ తిరిగింది.

"కూచోనియ్యి చెల్లెమ్మా, చెప్తా" అన్నాడు హమ్మాదీ. "పని అయింది, చేతులు కడుక్కుంటున్నాం. సబ్బు నురగలో ఉన్నాం, అప్పుడే వాన. ఎండేసిన తోళ్ళన్నీ తడిసిపోతున్నాయని మేస్త్రీ గోల. నురగ చేతుల్తోనే పరిగెత్తి తోళ్ళు ఎత్తాం. లోపలికి తెచ్చి చూద్దుం కదా, ప్రతి తోలు మీదా పది వేళ్ళూ నల్లగా అచ్చు గుద్దినట్టున్నాయి. పెళ్ళివాళ్ళ పసుపు జోళ్ళకని తీసిపెట్టిన తోళ్ళు తల్లీ అవి! మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు. శనివారం పొద్దున చేతులు చూపించాకే లోపలికి రానిస్తాట్ట. నలుపు ఉంటే ఇక పసుపు తోళ్ళ ఛాయలకే రావద్దన్నాడు."

"తప్పు నాది" అన్నాడు మళ్ళీ హమ్మాదీ. "సబ్బు నేను కాచిందే. ఎప్పుడో నలుపు వాళ్ళ గుంత దగ్గర మూత లేకుండా పెట్టుంటాను, తుంపర పడుంటుంది. రేపే వెళ్ళి మేస్త్రీకి చెప్పేస్తా, తహామీకి ఏ సంబంధం లేదని. నాదేముంది, ఒంటికాయ శొంఠికొమ్ముని. పని పోతే పోయింది."

"నీ సబ్బా అన్నా?" అంది యామ్నా. "నారింజపూల వాసనతో?"

"మా ఆవిడ అలా కాచేది. ఆవిడ పోయినా ఆ వాసన లేకపోతే చేతులు నావిలా అనిపించవు. గుంతల దగ్గర పెడితే తలో వేలూ ముంచి ఖాళీ చేస్తారని తహామీకిచ్చి దాయమంటా."

"మరి ఈయన చేతులు కడిగేదెవరు?"

"నేనే. నావి తనూ, తనవి నేనూ."

ఈ మాటకి యామ్నా ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆడదైతే జుట్టు పట్టుకునేది. పది మందిలో పెట్టి కడిగేసేది. తెల్లగడ్డం ముసలాణ్ణి ఏం చేస్తుంది? ఏమీ చెయ్యలేకపోవడంతో మంట రెట్టింపైంది.

"ఇంట్లో నేను చచ్చానా?" అని మొగుడి మీద విరుచుకుపడింది. "ఇన్నేళ్ళు కడగలేదా నేను? నా చేతులకి ఏం రోగమొచ్చింది? చెప్పు! ఆయన దగ్గర ఏముందీ, నా దగ్గర ఏం లేదూ?"

తహామీ నేల చూశాడు. హమ్మాదీ గడ్డం గోక్కున్నాడు.

"కోప్పడనంటే చెప్తా చెల్లెమ్మా."

"ఇప్పటికే కోపంగా ఉన్నా. చెప్పు."

హమ్మాదీ తహామీ చెయ్యి పట్టుకుని వెల్లకిలా తిప్పాడు. నలుపులో కూడా కనబడుతున్నాయి, వేళ్ళ మడతల్లో, అరచేతి అంచున, పగుళ్ళు. కొన్ని లోతుగా, లోపల ఎర్రగా ఉన్నాయి.

"కుర్రతనంలో సున్నం గుంతలో చేసినవాడి చేతులు ఇంతే. చలికాలం వస్తే నోళ్ళు తెరుస్తాయి. అందులో నిమ్మకాయ, ఉప్పు. పైన గరుకు గుడ్డ. నువ్వే ఆలోచించు. పొద్దున్నే పనికి ముందు గొర్రె కొవ్వు పూసుకుంటే రంగు లోపలికి దిగదు. సాయంత్రం గోరువెచ్చటి నూనె పట్టించి, తవుడుతో మెల్లిగా రుద్ది, ఆఖర్న సబ్బు రాస్తే చాలు, నిమ్మకాయ జోలికే పోనక్కర్లేదు. నేను అలా చేస్తున్నా, అంతే."

"మంటని ఏనాడూ అనలేదే!"

"అనడు. కబుర్లు చెప్తాడు. మంట తెలీకుండా నోటికొచ్చిందల్లా వాగుతా ఉంటానని నాతో అన్నాడు."

యామ్నా మొగుడి వైపు తిరిగింది.

"ఆ గాడిద?" అంది. "మీ నానమ్మ, కోడిపుంజు?"

"నువ్వు నవ్వుతుంటే ఇంకా తోమేదానివి" అన్నాడు తహామీ. "నవ్వితే బావుండేది. అందుకని ఇంకా చెప్పేవాణ్ణి."

"మరి అన్న దగ్గర? ఆయనకేం చెప్తావు?"

"ఏం చెప్పను. ఊరికే కూచుంటా. కళ్ళు మూసుకుంటా."

నిజం చెప్పాలంటే, నలుపూ తోళ్ళూ మేస్త్రీ, ఏదీ యామ్నాని ఇంతగా కొయ్యలేదు. తను పడీ పడీ నవ్విన మాటలన్నీ మంట పుట్టించినవి. ముసలాడికి దక్కిందేమో హాయిగా కళ్ళు మూసుకున్న మొగుడు. ఆ మొగుణ్ణి తనెప్పుడూ చూళ్ళేదు. హమ్మాదీ గడ్డం పట్టుకుని పీకాలనిపించింది. అదే ముసలాడు ఆ మొగుడి కోసం పని పోగొట్టుకోడానికి సిద్ధపడి ఎదురుగా కూచున్నాడు మరి.

"రేపు నువ్వెక్కడికీ వెళ్ళకన్నా" అంది. "నీ సబ్బులో ఇనుపనీళ్ళు కలిపింది నేను."

ఇద్దరూ తలెత్తారు.

"ఎవత్తో కడుగుతోందనుకున్నా. దాని చేతులు నల్లబడితే పట్టుకుందామనుకున్నా. బతూల్ గోరింటాకు కూడా చెడగొట్టా. శనివారం మీతో వచ్చి మేస్త్రీకి నేనే చెప్తా."

"ఏమని చెప్తావు?" అన్నాడు తహామీ. "ముసలాణ్ణి చూసి కుళ్ళుకున్నాననా?"

"అదే చెప్తా."

హమ్మాదీకి నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. "మా ఆవిడ కూడా నా గురించి ఏనాడూ కుళ్ళుకోలేదు తల్లీ" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. తుడుచుకుంటే మొహం కూడా నల్లబడింది. "ఎలాగూ సగం నల్లబడ్డాయి, ఆ తోళ్ళు నలుపు గుంతలో వేస్తే నల్ల జోళ్ళవుతాయి. మేస్త్రీ తిడతాడు, పడదాం. అది కాదు సంగతి. శనివారానికి ఈ చేతులేం చెయ్యాలి? నూనెకి ఇది వదలదే!"

వదలదని యామ్నాకి తెలుసు. దేనికి వదులుతుందో కూడా తెలుసు. నలుపు వాడి కూతురికి తెలీదా? ఇనుప నలుపుకి ఒకటే మందు. చెప్పడానికి నోరు రాలేదు.

"నిమ్మకాయ" అని తహామీయే అన్నాడు.

హమ్మాదీ రెండు నిమ్మకాయలు తీసుకుని, తన చేతులకి పగుళ్ళు లేవులెమ్మని, వానలోనే వెళ్ళిపోయాడు. తహామీ తనే పీట లాక్కుని కూచుని చేతులు చాపాడు. "కానియ్" అన్నాడు.

యామ్నా గరుకు గుడ్డ పక్కకి విసిరేసింది. ఉప్పు తియ్యలేదు. నిమ్మచెక్క వేళ్ళ వెనకాల మెల్లిగా రాసింది. నలుపు కరిగి పసుపుగా కారింది. చెక్క మడతల దగ్గరికి రాగానే తహామీ మొదలెట్టాడు, "ఇవాళ ఏమైందనుకున్నావ్, వానకి ఆ ఎరుపు వాళ్ళ గాడిద బెదిరి..."

ఈ గొంతు కోసమే కదా ఇన్నాళ్ళూ మొత్తుకుంది! ఇప్పుడు వింటుంటే ప్రాణం ఉసూరుమంది.

"నోరుముయ్" అంది. "గాడిదా వద్దు, గుర్రమూ వద్దు. మంటగా ఉంటే మంటను."

ఆయన నోరు మూసుకున్నాడు. పళ్ళు బిగించాడు. ఇంకో మడత. ఇంకోటి. భుజాలు బిగుసుకున్నాయి. మళ్ళీ అలవాటు కొద్దీ, "ఆ గాడిద ఏం చేసిందంటే..." అన్నాడు.

"మంటను!"

"అబ్బా!" అన్నాడు తహామీ. అని, అన్నందుకు తనే బిత్తరపోయాడు.

యామ్నా చెయ్యి ఆగిపోయింది.

"ఎక్కడ?"

"ఇక్కడ." చూపుడువేలు మొదట్లో చూపించాడు. పెళ్ళయిన నాటి నుంచి వారం వారం తోమిన చెయ్యే అది. అక్కడంత పగులున్న సంగతి ఆవిడకి తెలీదు. వంగి, ఊదింది.

"ఇది హమ్మాదీ అన్నకి చూపించావా?" అంది తలెత్తకుండా.

"తనే చూశాడు. నేను చూపించలేదు."

యామ్నా ఆ పగులు మీద ఇంకోసారి ఊదింది.

"అయితే సరే" అంది. "ఇంకోటి చూపించు."